అప్‌డేట్: బిల్జ్ లైన్ చెక్ వాల్వ్ లీకేజీ

పంపు ఆపగానే బిల్జ్‌లోకి (ఓడ అడుగున నీళ్లు చేరే చోటు) నీళ్లు వెనక్కి వస్తున్నాయి, ఏ చెక్ వాల్వ్ (నీళ్లను ఒకే వైపు పోనిచ్చేది) వేయాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. పాత స్వింగ్ చెక్ (తలుపులా ఊగే డిస్క్ ఉన్న చెక్ వాల్వ్) విప్పితే సీటు (డిస్క్ ఆనే చోటు) మీద తుప్పు రజను, డిస్క్ అంచున గీత కనిపించాయి. ల్యాపింగ్ చేసి (రాపిడి పేస్టుతో నున్నగా అరగదీసి), నీళ్లు బయటికి పోయే వైపు నుంచి ప్రెషర్ పెట్టి టెస్ట్ చేశాం. ఎక్కువ ప్రెషర్‌లో చుక్క రాలేదు, తగ్గించేసరికి కారడం మొదలైంది. వెనక ఒత్తిడే డిస్క్‌ను సీటుకు అదుముతుంది కాబట్టి, రేటెడ్ ప్రెషర్‌కు (వాల్వ్‌కు నిర్ణయించిన గరిష్ఠ ఒత్తిడి) 1.1 రెట్లు పెట్టి పాసైందనుకుంటే చాలదు. ఈ లైన్‌లో వాల్వ్ మీద పడేది కొన్ని మీటర్ల నీటి ఎత్తే, అంటే తక్కువ ఒత్తిడే.

చివరికి స్క్రూ-డౌన్ నాన్-రిటర్న్ వాల్వ్ వేశాం, ఇదీ ఒక రకం చెక్ వాల్వే, అవసరమైతే చేత్తో బిగించి మూసేయొచ్చు. ఇప్పుడు బిల్జ్ మట్టం పెరగడం లేదు. స్ట్రైనర్ (చెత్తను ఆపే జల్లెడ) చూడమన్నవారికి చాలా కృతజ్ఞతలు, మెష్ చిరిగే ఉంది, మార్చేశాం.