జార్జియా పల్లెలో అక్టోబర్: గోంగూర తర్వాత ఏం వేయాలి?

ప్రశ్న:
అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, మేకన్ ఊరి దగ్గర పల్లెలో ఇల్లు కొన్నాం. గోంగూర పూతకొచ్చేసింది, బెండ కూడా ఆఖరికొచ్చింది. చలికి తట్టుకునేవి, ఇక్కడివాళ్లు ఇష్టంగా తినేవి ఏం వేయొచ్చండీ?

జవాబు:
కొలార్డ్స్ అని క్యాబేజీ కుటుంబపు ఆకుకూర ఉంది, అది వేయండి, ఇప్పుడైతే విత్తనం కన్నా నారు మేలు. మంచు పడ్డాకే దానికి అసలు రుచి, చలికి ఆకులో చక్కెర పెరిగి చేదు తగ్గుతుంది. ఇక్కడివాళ్లు పొగబెట్టిన పంది మాంసంతో గంటలకొద్దీ ఉడికిస్తారు, మేమైతే పప్పులో వేసి వెల్లుల్లి తాలింపు పెడతాం, ఆకు దళసరి కాబట్టి ఈనె తీసేసి సన్నగా తరిగి ముందు ఆకునే ఉడకనివ్వండి. అద్భుతంగా ఉంటుంది!

జవాబు:
ఆవాకు, చిన్న ఎర్ర ముల్లంగి ఇప్పుడే చల్లేయండి. వెల్లుల్లి రెబ్బలూ గుచ్చండి, వేసవి మొదట్లో తవ్వుకోవచ్చు. చిలగడదుంప ఉంటే మంచుకి ముందే తవ్వి, కడక్కుండా పది రోజులు వెచ్చని చోట ఉంచండి, అప్పుడే తీపెక్కుతుంది.

జవాబు:
రోడ్డు పక్కన బాయిల్డ్ పీనట్స్ బోర్డు కనిపిస్తే కారు ఆపండి. పచ్చి వేరుశెనక్కాయలు ఉప్పునీళ్లలో ఉడికినవి, తొక్క నొక్కితే రసం కారుతూ, అచ్చం మన ఊళ్లో తిన్నట్టే ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ, శనివారమే నారు తెస్తా. గోంగూర విత్తనం ఎప్పుడు తీయాలి?

జవాబు:
కాయ బాగా ఎండి గోధుమరంగుకి తిరిగాక.