ముంగుర్తులు, స్త్రీలు: వార్షికోత్సవ చర్చా సదస్సుకు సన్నాహం

సదస్సు సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. వార్షికోత్సవం రెండవ రోజు మధ్యాహ్నం 90 నిమిషాల సమయం మన సదస్సుకు దక్కింది. బైబిలు తెలుగులో ‘సంఘము’ అంటే క్రీస్తు విశ్వాసుల సమూహం కనుక, తికమక లేకుండా ఉండేందుకు ఇక్కడ మన సంస్థను ‘సమితి’ అనే అందాం.

పాత నిబంధనలోని వ్యక్తులను, సంఘటనలను క్రీస్తుకో సంఘానికో ముంగుర్తులుగా, అంటే తరువాత రాబోయేదాన్ని ముందే చూపే గుర్తులుగా, చదివే పద్ధతి మన అంశం. రోమీయులకు రాసిన పత్రిక 5:14లో ఆదాము రాబోవువానికి ‘గురుతు’ అని పౌలు అంటాడు. అక్కడి గ్రీకు పదం ‘టూపోస్’కు దెబ్బ వల్ల పడిన ముద్ర అని మూలార్థం. యోహాను 20:25లో తోమా చూడాలని పట్టుబట్టిన మేకుల గురుతుకూ అదే పదం వాడారు. మోషే ఎత్తిన ఇత్తడి సర్పం, యోనా చేప కడుపులో గడిపిన మూడు దినాలు అందరికీ తెలిసినవే కనుక వాటిని రెండు మాటల్లో ముగిద్దాం. పురుషుడు ముంగుర్తు అయినప్పుడు తరచుగా క్రీస్తును సూచిస్తాడు. స్త్రీ ముంగుర్తు అయినప్పుడు సంఘాన్నో, నిబంధననో (దేవుడు ప్రజలతో చేసిన ఒడంబడికనో), యేసు తల్లి మరియనో సూచిస్తుంది. ఈ పంపకం గ్రంథంలోనే ఉందా, చదివినవారు చేసినదా అన్నది మనం సభ ముందు పెట్టవలసిన ప్రశ్న.

పఠన బృందం నుండి:
అబ్రాహాము భార్య శారాకు దాసి అయిన హాగరుతో మొదలుపెట్టాలని మా మనవి. గలతీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయంలో హాగరు, శారా రెండు నిబంధనలు. హాగరు సీనాయి కొండ, దాస్యం. అయితే ఆదికాండము 16లో ఆమె కొండా కాదు, దాస్యానికి మారుపేరూ కాదు; గర్భవతిగా అరణ్యానికి పారిపోయి, నీటి బుగ్గ దగ్గర దూతతో మాట్లాడి, తనను చూచిన దేవునికి తానే ఒక పేరు పెట్టిన ఐగుప్తు స్త్రీ. తిరిగి వెళ్ళి యజమానురాలికి అణగి ఉండమని దూత చెప్పిన మాట కూడా అక్కడే ఉంది; దాన్ని దాటవేయకూడదు. ఇంకొకటి గమనించండి: దాసిని, ఆమె కుమారుణ్ణి వెళ్ళగొట్టమన్నది ఆదికాండము 21లో శారా తన భర్తతో అన్న మాట. పౌలు దాన్ని లేఖనం చెప్పే మాటగా ఎత్తి చూపుతాడు. ఒక ఇంటి తగాదాలో వచ్చిన మాట వాదంలో ఆజ్ఞగా మారిన తీరును వివరించకుండా ఆ పత్రికా భాగాన్ని ఒక్కదాన్నే చదివి వినిపించడం మాకు ఇష్టం లేదు.

ప్రదర్శన ఫలకాల బృందం నుండి:
పఠన బృందం చెప్పినదానికి కొనసాగింపుగా స్ట్రాస్‌బూర్గ్ కథీడ్రల్‌లో సుమారు 1230 నాటి రెండు శిల్పాల చిత్రాలను పెడతాం. ఒకటి కిరీటం ధరించిన స్త్రీ, సంఘం. మరొకటి కళ్ళకు గంత కట్టిన, ఈటె విరిగిన స్త్రీ, యూదుల సమాజమందిరం. ఒక స్త్రీ గెలవాలంటే మరొక స్త్రీ ఓడిపోవాలన్న శారా హాగరుల జత ఇక్కడ రాతిలో నిలిచింది. యూదుల పట్ల ద్వేషానికి ఇటువంటి జతలు తోడ్పడ్డాయి కనుక, చిత్రం కింద ఆ మాట స్పష్టంగా రాస్తాం.

రెండవ ఫలకం హవ్వ, మరియల గురించి. హవ్వ అవిధేయత వేసిన ముడిని మరియ విధేయత విప్పిందని రెండవ శతాబ్దం చివరలో లియోన్ బిషప్ ఇరేనియస్ రాశారు. ఇది మరియమాత భక్తి ప్రచారంగా కనిపిస్తుందేమోనని సమితిలోని కొందరు ప్రొటెస్టెంటు మిత్రులు అడిగారు. సంఘం చీలడానికి శతాబ్దాల ముందునాటి మాట ఇది కనుక అందరికీ ఉమ్మడి ఆస్తేనని మా అభిప్రాయం. మాకున్న ఇబ్బంది వేరు: మరియను పైకెత్తడానికి హవ్వను ప్రతిసారీ కిందికి తోయవలసి వస్తోంది.

అనువాదాలు చూసే సభ్యురాలు:
భాష గురించి 10 నిమిషాలు ఇప్పించగలరా? హీబ్రూలో జ్ఞానం అనే అర్థమున్న ‘హోఖ్మా’ స్త్రీలింగం కనుక సామెతలు 8లో వీధిలో నిలబడి పిలిచేది స్త్రీ అని పాఠకునికి తెలుస్తుంది. తెలుగులో ‘జ్ఞానము ఘోషించుచున్నది’ అన్నప్పుడు ఆ క్రియ స్త్రీకీ సరిపోతుంది, వస్తువుకీ సరిపోతుంది. అందువల్ల ఆ స్త్రీ మనకు తెలియకుండానే మాయమవుతుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 1:24లో క్రీస్తే దేవుని జ్ఞానమని చదివేటప్పుడు, స్త్రీరూపంలోని జ్ఞానం పురుషుడైన క్రీస్తుకు ముంగుర్తు అయిందన్న విశేషం మన చెవికి అందదు. సమన్వయకర్తగారు చెప్పిన పంపకానికి ఇది పెద్ద మినహాయింపు. భర్తను క్రీస్తుతో, భార్యను సంఘంతో పోల్చే ఎఫెసీయులకు రాసిన పత్రిక 5లోనూ అంతే: గ్రీకులో సంఘం ‘ఆమె’, తెలుగులో ‘అది’.

సమితి పెద్దలలో ఒకరు:
అమ్మా, బాగా చెప్పారు. పఠన బృందంతో మాత్రం కొంత విభేదిస్తున్నాను. ముంగుర్తుగా చదివిన ప్రతిసారీ స్త్రీ చిన్నబోదు. యెరికోలో ఇశ్రాయేలు వేగులవారిని దాచిన రాహాబు కిటికీకి కట్టిన ఎర్రదారాన్ని క్రీస్తు రక్తానికి సూచనగా చదివిన క్లెమెంటు మొదటి పత్రిక, బైబిలులో లేని తొలి క్రైస్తవ లేఖ, మొదటి శతాబ్దం చివరి నాటిదే, ఆమెలో విశ్వాసమే కాక ప్రవచనం కూడా ఉందని అంటుంది. శత్రు సేనాపతిని చంపిన యాయేలును దీవించిన దెబోరా పాటకు మరియ బంధువు ఎలీసబెతు నోట, సమూయేలు తల్లి హన్నా పాటకు మరియ నోట ప్రతిధ్వని వినిపిస్తుంది. మరొక వైపు, వధూవరుల ప్రేమగీతమైన పరమగీతంపై 86 ప్రసంగాలు చేసిన 12వ శతాబ్దపు ఫ్రెంచి సన్యాసి క్లేర్వో బెర్నార్డ్ వినే సన్యాసులందరినీ వధువులుగానే చూశారు. వధువు అన్నంత మాత్రాన స్త్రీల గురించే అనుకోనక్కరలేదు. అయితే ఎఫెసీయుల పత్రికలో భార్యలు లోబడాలన్న మాట వచ్చేసరికి ఆ పోలిక చప్పున ఆడవాళ్ళ నెత్తికే చుట్టుకుంటుంది. నేను కూర్చున్న ఎన్నో పెళ్ళి ప్రసంగాలలో ఇదే విన్నాను.

సదస్సు సమన్వయకర్త:
పెద్దల మాటనూ పఠన బృందం మాటనూ కలిపి క్రమాన్ని ఇలా మారుస్తున్నాను. హాగరుకు 25 నిమిషాలు. ఆదికాండము 16 మొత్తం చదివిన తరువాతే గలతీయుల పత్రిక చదువుతాం. రాహాబు, యాయేలు, హన్నాలకు కలిపి 20, భాషకు 10, ఎఫెసీయుల పత్రికకు 15; మిగిలిన 20 నిమిషాలు శ్రోతలవి. హవ్వ, మరియల ఫలకం గోడ మీదే ఉంటుంది, దానిపై ప్రసంగం ఉండదు. హాగరు భాగానికి కథ చెప్పేవారు, దూత, హాగరు, శారా, అబ్రాము (తరువాత అబ్రాహాము అయిన ఆయన) అని అయిదు గొంతులు కావాలి. ఇప్పటికి అబ్రాము ఒక్కరే దొరికారు, ఆ అధ్యాయంలో ఆయన మాట్లాడేది ఒక్క వాక్యమే.