బండల ఫ్యాక్టరీలో చేసిన లెక్కల పనిని రెజ్యూమేలో ఏ విధంగా రాయాలి?

తాడిపత్రి గుమాస్తా:

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో బి.కాం. పూర్తిచేసి, మూడున్నర సంవత్సరాలుగా తాడిపత్రిలోని ఒక బండల పాలిష్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తున్నాను. పెనుకొండ వైపు కార్ల విడిభాగాలు తయారుచేసే కంపెనీలకు అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగం కోసం ఈ ఏడాది పద్నాలుగు దరఖాస్తులు పంపాను గానీ ఒక్క పిలుపు కూడా రాలేదు. నా రెజ్యూమేలో నైపుణ్యాల కింద ‘ట్యాలీ, జీఎస్టీ, ఎంఎస్ ఆఫీస్, కమ్యూనికేషన్ స్కిల్స్, టీమ్ వర్క్, హార్డ్ వర్కింగ్’ అని ఉంది. ఒక్కొక్కదాని పక్కన ఐదేసి చుక్కలు పెట్టి నాలుగేసి నింపాను. ఇంటర్నెట్ సెంటరులో ఇచ్చిన నమూనా అలాగే ఉంది. పెద్ద కంపెనీలో పనిచేసినవారికైతే రాసుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, చదరపు అడుగులు లెక్కగట్టి బిల్లు వేసేవాడికి ఏముంటుంది అన్నది నా సందేహం. పైగా ప్రకటనలలో శాప్ (పెద్ద కంపెనీలు లెక్కలకు, కొనుగోళ్లకు వాడే సాఫ్ట్‌వేర్) తెలిసి ఉండాలని అడుగుతున్నారు. అది నాకు రాదు. పేరైనా చేర్చమని స్నేహితులు అంటున్నారు. పెద్దలు సలహా ఇవ్వగలరు.

పెన్నా ఒడ్డు:

గుమాస్తా గారూ, నేను తొమ్మిదేళ్లుగా ఒక కర్మాగారంలో నియామకాల విభాగంలో పనిచేస్తున్నాను. 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైన తరువాత ఆ చుట్టుపక్కల వెలసిన విడిభాగాల కంపెనీలకు మన జిల్లాల నుండి వెళ్లే రెజ్యూమేలను చాలానే చూశాను. మీరు రాసిన ఆరు మాటలలో అబద్ధం ఒక్కటీ లేదు. అయితే ఆ ఆరు మాటలే, ఇంచుమించు అదే వరుసలో, ప్రతి బి.కాం. అభ్యర్థి కాగితంలోనూ కనిపిస్తాయి కనుక, చదివేవారి కన్ను వాటి మీద ఆగదు.

ట్యాలీ అన్నది సాఫ్ట్‌వేర్ పేరు. దానిలో మీరు చేసినది ఓచర్లు ఎక్కించడం వరకేనా, బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసి తేడాలు కూడా పట్టారా, సంవత్సరాంతంలో ట్రయల్ బ్యాలెన్స్ (ఖాతాలన్నిటి నిల్వల పట్టిక) తీసి ఆడిటరు ముందు పెట్టగలిగారా అన్నదాన్ని బట్టి మూడు వేర్వేరు స్థాయిల మనుషులు అవుతారు. మీ కాగితం చూస్తే మీరు వారిలో ఎవరో తెలియడం లేదు. జీఎస్టీ సంగతీ ఇంతే. నెలనెలా రిటర్నులు వేసేవారికి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1కు 11వ తేదీ, పన్ను లెక్క చూపే జీఎస్టీఆర్-3బికి 20వ తేదీ గడువు కదా; ఆ తేదీలకు రిటర్ను వేసేది మీరా, వివరాలు సిద్ధం చేసి ఆడిటరు ఆఫీసుకు పంపేది మీరా? రెండవదే అయితే నిస్సంకోచంగా అదే రాయండి. కొనుగోలు బిల్లులను జీఎస్టీఆర్-2బితో (సరఫరాదారులు చూపిన బిల్లులతో పోర్టల్ ఇచ్చే జాబితా) సరిపోల్చి, అందులో కనబడని బిల్లుల కోసం సరఫరాదారుల వెంటపడి సరిచేయించే పని మీరు చేస్తూ ఉంటే, యజమానికి రావలసిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొనుగోళ్లపై కట్టిన పన్నును తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకునే వీలును) కాపాడుతున్నది మీరే. ‘జీఎస్టీ’ అన్న ఒక్క మాటలో అదంతా కనిపించకుండా పోతోంది.

శాప్ పేరు మాత్రం చేర్చవద్దు. అది అడిగే కంపెనీలకు కావలసిన పనిలో ప్రధానమైనది కొనుగోలు ఆర్డరు, సరుకు అందిన చీటీ, సరఫరాదారు బిల్లు, ఈ మూడింటినీ సరిచూసి, కుదిరితేనే చెల్లింపుకు పంపడం. క్వారీ నుండి రాయి వచ్చినప్పుడు కాటా చీటీని, ఆర్డరును, బిల్లును పక్కపక్కన పెట్టి మీరు చూసేది అదే పని కాదా? ఆ పని చేశానని రాస్తే, సాఫ్ట్‌వేర్ నేర్పించవచ్చునని చదివేవారికే తోస్తుంది.

ఇంకొక మాట. రెజ్యూమే ఇంగ్లీషులోనే పంపుతారు గనుక అందరూ మొదటి నుండే ఇంగ్లీషులో ఆలోచిస్తారు, అక్కడే అరువు మాటలు వచ్చి పడతాయి. ముందుగా మీరు రోజూ చేసే పనిని మీ తమ్ముడికి చెప్పినట్లు తెలుగులో రాసుకుని, తరువాత ఇంగ్లీషులోకి మార్చండి. సరుకు లారీకి ఎక్కిన తరువాత ఇబ్బంది వస్తే మీరు ఏం చేసేవారో ఇక్కడ రాయగలరా?

తాడిపత్రి గుమాస్తా:

కిందటి వానాకాలంలో జరిగిన ఒక సంగతి చెబుతాను సార్. మా సరుకుతో వెళుతున్న లారీకి యాక్సిల్ విరిగి దారిలో ఆగిపోయింది. ఈ-వే బిల్లు (సరుకు వెంట ఉండవలసిన జీఎస్టీ రవాణా పత్రం) గడువు ఆ రోజు అర్ధరాత్రితో ముగుస్తుంది. గడువుకు ముందు 8 గంటలు, తరువాత 8 గంటలు మాత్రమే పొడిగించుకునే వీలుంటుంది కనుక, రాత్రి తొమ్మిదికి డ్రైవరు ఫోను చేయగానే కారణం చూపి పొడిగించాను. మరునాడు సరుకును వేరే లారీలోకి మార్చినప్పుడు ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త బండి నంబరు ఎక్కించాను. జరిమానా పడకుండా సరుకు చేరింది. కానీ ఇది కూడా నైపుణ్యం కిందికి వస్తుందా? మా దగ్గర ఇది చేయకపోతే తిట్లు పడతాయి, చేస్తే ఎవరూ ఏమీ అనరు.

కడప లెక్కలు:

తప్పకుండా వస్తుంది తమ్ముడూ, రాయి. అయితే నా వంతుగా ఒక హెచ్చరిక. ప్రొద్దుటూరులో పనిచేసే రోజుల్లో నేను ‘అడ్వాన్స్‌డ్ ఎక్సెల్’ అని గొప్పగా రాసుకుని ఒక ఇంటర్వ్యూకు వెళ్లాను. రెండు జాబితాలు ఇచ్చి, ఒకదానిలో ఉండి మరొకదానిలో లేని బిల్లులను తీయమన్నారు. వీలుకప్ (ఒక జాబితాలోని విలువను మరొకదానిలో వెతికే ఎక్సెల్ ఫార్ములా) వేస్తే కంటికి కనిపిస్తున్న బిల్లు నంబరుకు కూడా లేదనే జవాబు వచ్చింది. ఒక జాబితాలో నంబర్ల చివర ఖాళీ స్పేసు ఉందని, ట్రిమ్ ఫార్ములాతో దాన్ని తీసివేయాలని నాకు తోచలేదు; ఇరవై నిమిషాలు చెమటలు కక్కి బయటికి వచ్చాను. అప్పటి నుండి ‘అడ్వాన్స్‌డ్’ తీసివేసి, వీలుకప్, పివట్ టేబుల్ వాడి నెలవారీ బకాయిల జాబితా తయారు చేస్తానని రాస్తున్నాను. అడిగితే అక్కడికక్కడే చేసి చూపగలను.

అంకెల విషయంలోనూ అంతే. నెలకు సుమారు ఎన్ని బిల్లులు వేస్తావో ట్యాలీలో చూసి రాయి. నోటికి వచ్చిన సంఖ్య వేయవద్దు, యజమాని లాభం ఇంత శాతం పెంచానని అసలే రాయవద్దు, అది నీ ఒక్కడి చేతిలో ఉన్నది కాదు. ఇక ఆ చుక్కలంటావా, ఐదింటిలో నాలుగు నింపావంటే రానిది ఏదో ఒకటి ఉందని నీవే ఒప్పుకున్నట్లు, ఆ రానిదేమిటో మాత్రం చెప్పనట్లు.

ఓర్వకల్లు ఎండ:

రూపం గురించి రెండు మాటలు. చాలా కంపెనీలలో, ఉద్యోగాల సైట్లలో ముందుగా సాఫ్ట్‌వేర్ చదివి, అడిగిన పదాలున్న రెజ్యూమేలనే పైకి తెస్తుంది. చుక్కలు, బొమ్మలు, రెండు నిలువు వరుసల డబ్బాలు దానికి సరిగా అందవు. ఒకే నిలువు వరుసలో సాదాగా రాసి, ప్రకటనలో ‘బ్యాంక్ రీకన్సిలియేషన్’ (బ్యాంకు స్టేట్‌మెంటుతో లెక్కలు సరిచూడడం) అని ఉంటే, మీరు నిజంగా చేసినదే అయితే, అదే మాట వాడండి. స్కాన్ చేసిన కాగితం కాకుండా వర్డ్ నుండి నేరుగా తీసిన పీడీఎఫ్ పంపండి.

తాడిపత్రి గుమాస్తా:

అందరికీ కృతజ్ఞతలు. ట్యాలీ తెరిచి చూస్తే గత పన్నెండు నెలల సగటు నెలకు 140 బిల్లులుగా తేలింది. నేనే 90 దాటదనుకున్నాను. ఇలా రాసుకున్నాను: ‘ట్యాలీ ప్రైమ్‌లో నెలకు సుమారు 140 అమ్మకం బిల్లులు, ఈ-వే బిల్లులు తయారుచేయడం, దారిలో ఆగిన సరుకుకు గడువు పొడిగింపు, వాహనం మార్పు సమర్థవంతంగా చూడడం. కొనుగోలు బిల్లులను ఆర్డరుతో, కాటా చీటీతో సరిచూసి చెల్లింపుకు పంపడం. జీఎస్టీఆర్-2బితో నెలనెలా సరిపోల్చి, రిటర్నుల వివరాలు ఆడిటరుకు ఇవ్వడం.’

పెన్నా ఒడ్డు:

‘సమర్థవంతంగా’ తీసివేయండి. రెండవ వాక్యాన్ని అన్నిటికంటే పైకి జరపండి, మీరు వెళ్లదలచిన కంపెనీలకు ముందుగా కావలసినది అదే. లారీ సంగతి రెజ్యూమేలో అంతవరకు చాలు. రాత్రి తొమ్మిది గంటల ఫోను గురించి ఇంటర్వ్యూలో అడిగినప్పుడు చెప్పండి.