ఎల్ఎస్ -ఎల్ మాట నమ్మొచ్చా? డబ్ల్యూ లేని ఫైలు ఎలా మాయమైంది?

గంటస్తంభం | రాత్రి 9:12

విజయనగరంలో గంటస్తంభం దగ్గర మాది చిన్న డీటీపీ షాపు. రెండు సిస్టమ్‌లు, రెండింట్లోనూ ఉబుంటు (లినక్స్). పెళ్లికార్డుల కోసం నేను కూర్చుని కూర్చుని చేసుకున్న మూల డిజైను ఒకటి ఉండేది. ఎవరూ చెడగొట్టకుండా సీహెచ్‌మాడ్ 444 కొట్టి, అంటే అందరికీ చదివే హక్కు మాత్రమే ఇచ్చి ఉంచాను. అప్పుడు ఫోన్లో ఫొటో తీసుకున్నాను, ఫైలు అనుమతులు చూపించే ఎల్ఎస్ -ఎల్ కమాండ్ కొడితే వచ్చిన లైను ఇది:

-ఆర్--ఆర్--ఆర్-- 1 షాపు షాపు 2411724 ఆగస్టు 14 18:05 పాత_నమూనా.ఎస్‌వీజీ

ఓనర్‌కి ఆర్ (చదవడం), గ్రూపుకి ఆర్, మిగతావాళ్లకి ఆర్. డబ్ల్యూ (రాయడం) అన్న అక్షరం ఎక్కడైనా కనిపిస్తోందా? అలాంటి ఫైలు శుక్రవారం సాయంత్రం చూస్తే లేదు. షాపులో పనిచేసే కుర్రాడి లాగిన్ వేరు, వాడికి సుడో, అంటే అడ్మిన్ హక్కు, ఇవ్వలేదు. రాసే హక్కే లేనివాడు ఎలా తీసేస్తాడు? ఎల్ఎస్ అయినా అబద్ధం చెప్పాలి, వాడైనా ఏదో తెలివి ఉపయోగించి కావాలని చేసుండాలి. ఏదో ఒకటి చెప్పండి. పాఠాలొద్దు.

పలాసజీడి | 9:20

పాఠాలొద్దంటే ఇక్కడికి రాకూడదు గురూ

బొంకులదిబ్బ | 9:41

ఎల్ఎస్ బొంకదు. మీరు అడగాల్సినదాన్ని అడగలేదు, అంతే.

ఫోల్డర్ అంటే బడిలో హాజరు పట్టీ లాంటిది. అందులో పేర్లుంటాయి, ఏ పేరు ఏ ఫైలుదో రాసి ఉంటుంది. ఆర్ఎం, అంటే ఫైలు తీసేసే కమాండ్, కొట్టడమంటే పట్టీలోంచి పేరు కొట్టేయడం. దానికి పట్టీ మీద రాసే హక్కు కావాలి గానీ పిల్లాడి అనుమతి అక్కర్లేదు. 444 అన్నది ఫైలు లోపలి సరుకుని మార్చనివ్వదు, పేరు కొట్టేయడాన్ని ఆపదు. మీ లైనులోనే అనుమతుల తర్వాత 1 అని ఉంది చూడండి, ఆ ఫైలుకి ఎన్ని పేర్లున్నాయో ఆ లెక్క. అది సున్నా అయిపోయి, ఫైలుని ఎవరూ తెరిచి ఉంచకపోతే, డిస్కులో ఆ చోటు ఖాళీ కింద లెక్క.

కాబట్టి మీరు చూడాల్సింది ఫోల్డర్ అనుమతులు. ఎల్ఎస్ -ఎల్‌డీ అని కొట్టి ఫోల్డర్ పేరు ఇవ్వండి. డీ లేకుండా కొడితే లోపలున్నవన్నీ చూపిస్తుంది గానీ ఫోల్డర్ సంగతి చెప్పదు, అక్కడే చాలామంది దెబ్బతింటారు. వచ్చిన లైను ఇక్కడ పెట్టండి.

గంటస్తంభం | 9:55

మాస్టారూ, నేను అడిగింది ఫైలు గురించి. ఫోల్డర్ గురించి కాదు. చెరపడం ఆపలేనప్పుడు ఆ తొమ్మిది అక్షరాలు ఎందుకు చూపించడం? గేటుకి తాళం వేశాక గోడ దూకొచ్చు అంటే ఆ తాళం ఎవడిక్కావాలి?

నాగావళిగట్టు | 10:03

ఒక్క విషయం. డబ్ల్యూ లేని ఫైలుని ఆర్ఎం ఊరికే తీసేయదు, ఇది రాయడానికి వీల్లేని ఫైలు, తీసేయమంటావా అని అడుగుతుంది. వై నొక్కితేనే పోతుంది. అంటే మీ కుర్రాడు చూసి, చదివి, వై నొక్కాడు.

గంటస్తంభం | 10:05

అదీ! ఇదే నాకు కావాల్సింది. వై నొక్కాడు.

బొంకులదిబ్బ | 10:19

ఆగండాగండి. ఆ ప్రశ్న ఆర్ఎం తన మర్యాద కొద్దీ అడిగేది, సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ పెట్టిన రూలు కాదు. -ఎఫ్ తగిలిస్తే అడగదు. ఫైల్ మేనేజర్‌లో డిలీట్ నొక్కితే చెత్తబుట్టలోకి పోతుంది, అక్కడ ఈ ప్రశ్నే ఉండదు. చెత్తబుట్ట చూశారా? అతను కొట్టిన కమాండ్ల హిస్టరీ చూశారా? చుక్కతో మొదలయ్యే ఫైలు అది, ఎల్ఎస్ -ఏ కొడితేనే కనిపిస్తుంది.

నాగావళిగట్టు | 10:22

-ఎఫ్ కొట్టాడంటే ఇంకా పెద్ద తప్పు. అడక్కు, తీసెయ్ అని ముందే చెప్పినట్టేగా. వై నొక్కడం కన్నా ఎక్కువే.

రాజాంరోడ్డు | 10:30

నాకు ఈ గొడవ చూస్తుంటే ఒళ్లు మండుతోంది, ఎందుకో చెప్తాను. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ చేసేవాణ్ణి, పేరెందుకులెండి. సర్వర్‌లో ఏది తెరవకపోయినా మా పై ఆయన మందు ఒక్కటే, సీహెచ్‌మాడ్ -ఆర్ 777, అంటే లోపలున్నవన్నీ అందరికీ బార్లా తెరిచేయడం. గట్టిగా అడిగితే పని ఆగకూడదు కదయ్యా అనేవాడు. ఒకరోజు ఒక లెడ్జర్ పోయింది. ఆ పూట లాగిన్ అయి ఉన్నది నేను. అంతే, దొంగని నేనే. రెండు నెలలు జీతంలో కోసుకున్నారు. 777 పెట్టిన చెయ్యి ఎవరిదో ఒక్కడూ అడగలేదు.

పలాసజీడి | 10:33

తిత్లీ తుపానప్పుడు మాకు రోజుల తరబడి కరెంటు లేదు, అయినా ఒక్క ఫైలూ పోలేదు. మనుషులున్నచోటే పోతాయి

గంటస్తంభం | 10:48

రాజాం మిత్రమా, మీ కష్టం మీది, దాన్ని నా షాపుకి అంటగట్టకండి. చెత్తబుట్ట ఖాళీ. వాడి హిస్టరీ సుడోతో తెరిచాను. శుక్రవారం నాటి ఆఖరి లైన్లలో ఉంది: ఆర్ఎం -ఎఫ్ పాత*

ఫోల్డర్ లైను కూడా అడిగారుగా, ఇదిగో:

డీఆర్‌డబ్ల్యూఎక్స్‌ఆర్‌డబ్ల్యూఎక్స్‌ఆర్‌డబ్ల్యూఎక్స్ 6 షాపు షాపు 4096 పెళ్లికార్డులు

బొంకులదిబ్బ | 11:04

మొదటి డీ అంటే ఫోల్డర్. ఆ తర్వాత మూడు మూడుగా విడదీసి చదవండి, మూడు గుంపుల్లోనూ ఆర్, డబ్ల్యూ, ఎక్స్. ఆర్‌కి 4, డబ్ల్యూకి 2, ఎక్స్‌కి 1, మొత్తం 7. మూడు ఏడులు. ఫోల్డర్‌కి ఆర్ ఉంటే పేర్లు చూడొచ్చు, ఎక్స్ ఉంటే లోపలికి వెళ్లొచ్చు, డబ్ల్యూ ఎక్స్ రెండూ ఉంటే పేర్లు చేర్చొచ్చు, కొట్టేయొచ్చు. మీ షాపు సిస్టమ్‌లో లాగిన్ ఉన్న ఎవరైనా ఆ ఫోల్డర్‌లోని ఏ ఫైలైనా తీసేయొచ్చన్నమాట. ఇక రెండు ప్రశ్నలు. ఈ 777 ఎవరు పెట్టారు? పాతవి తీసెయ్యమని ఎవరు చెప్పారు?

గంటస్తంభం | 11:09

పోయినేడు సిరిమాను పండగ ముందు వారం అది. కరపత్రాలు, బ్యానర్లు, ఒకడు ఫోన్లో, ఒకడు కౌంటర్ దగ్గర, కుర్రాడేమో సేవ్ అవట్లేదు సార్, సేవ్ అవట్లేదు సార్ అని. అప్పుడు కొట్టాను. అయితే? ఇల్లు తెరిచి ఉంటే ఎత్తుకుపోతారా?

నాగావళిగట్టు | 11:11

-ఎఫ్ సంగతి పక్కన పెట్టేశారేంటి అందరూ.

రాజాంరోడ్డు | 11:15

రెండో ప్రశ్నకి జవాబు రాలేదు.

గంటస్తంభం | 11:31

చెప్పాను! నేనే చెప్పాను, డిస్కు నిండిపోయింది, పాతవన్నీ తీసెయ్ అని. అయితే పాత_నమూనా అంటే ఏంటో వాడికి తెలీదా? ఏడాదిన్నర నుంచి అదే ఫైలు తెరుస్తున్నాడు. మీరంతా కీబోర్డు ముందు కూర్చుని నీతులు చెప్తారు, నెల తిరిగేసరికి ఇద్దరికి జీతాలిచ్చే టెన్షన్ ఏంటో మీకు తెలీదు. 3 వేలు ఆపాను వాడికి. వాడు నా తప్పేం లేదు సార్ అంటున్నాడు, వాళ్ల నాన్న రేపు షాపుకి వస్తాడట. తెలిసినవాళ్లు ఒక్క ముక్క రాస్తే, ఇదిగో చూడండి కంప్యూటర్ చదువుకున్నవాళ్లే అంటున్నారు, కావాలనే చేశాడు అని చూపిద్దామనుకున్నాను. అదండీ సంగతి.

బొంకులదిబ్బ | 11:50

సరే, ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. రసీదు రాయించుకోవడానికి వచ్చారన్నమాట.

మూల డిజైనుకి పాత అని పేరు పెట్టింది మీరు. పాతవి తీసెయ్ అన్నది మీరు. తలుపు బార్లా తెరిచింది మీరు. అతను మీరు చెప్పిన పనే చేశాడు, నక్షత్రం పెట్టి, అంటే పాతతో మొదలయ్యే పేర్లన్నీ అని, కాస్త తొందరపడ్డాడు, ఎల్ఎస్ పాత* అని ముందు కొట్టి ఏమేం పోతాయో చూసుకోవాల్సింది, అది నేర్పలేదు ఎవరూ. కావాలని చేశాడనడానికి మీరు పెట్టిన లైన్లలో ఏమీ లేదు. ఆ ముక్క నేను రాయను.

రేపటికి పనికొచ్చేది చెప్తాను. కుర్రాణ్ణి షాపు గ్రూపులో చేర్చండి, మళ్లీ లాగిన్ అవమనండి. ఫోల్డర్‌కి సీహెచ్‌మాడ్ 3770 కొట్టండి. ఆ ముందు 3లో 2 వల్ల అందులో పుట్టే ఫైళ్లన్నీ షాపు గ్రూపువే అవుతాయి. 1 అన్నది స్టిక్కీ బిట్, దాంతో ఎవరి ఫైలు వాళ్లే తీసేయగలరు, లేదంటే ఫోల్డర్ ఓనరు, రూటు (అడ్మిన్). అందరూ వాడే తాత్కాలిక ఫోల్డర్ /టీఎంపీ మీద ఎల్ఎస్ -ఎల్‌డీ కొట్టి చూడండి, చివర ఎక్స్ బదులు టీ ఉంటుంది, అదే ఇది. అందరూ రాస్తారు, ఒకరిది ఒకరు కొట్టేయలేరు.

పలాసజీడి | 11:52

బ్యాకప్ అనేదొకటి ఉంటుంది లోకంలో

గంటస్తంభం | 12:14

కొట్టాను. చివర టీ పెద్దక్షరం వచ్చింది. /టీఎంపీకి చిన్నది ఉంది. తప్పా?

బొంకులదిబ్బ | 12:17

కాదు. మిగతావాళ్లకి ఎక్స్ లేదు కాబట్టి పెద్దది చూపిస్తుంది. మీకు కావాల్సింది అదే.

రాజాంరోడ్డు | 12:20

టీ సంగతి సరే. 3 వేలు?

గంటస్తంభం | 12:41

వాళ్ల నాన్న వస్తే మాట్లాడతాను. సగం అయినా ఇచ్చేస్తాను.

రాజాంరోడ్డు | 12:42

సగం ఏ లెక్కన?

నాగావళిగట్టు | 12:50

ఏది ఏమైనా -ఎఫ్ కొట్టకుండా ఉంటే అడిగేది కదా.