పాత కంప్యూటర్లకు బ్రౌజర్ అప్‌డేట్లు ఆపేయడం: సాంకేతిక అవసరమా, రాజకీయమా?

పల్లెపుస్తకం:
మా ఊరి గ్రంథాలయంలో మూడు కంప్యూటర్లున్నాయి. ఒక దాత తన కార్యాలయంలో వాడి ఇచ్చేసినవి. 2 జీబీ ర్యామ్, విండోస్ 7. వాటిలో క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి కనీసం విండోస్ 10 ఉండాలి. సాయంత్రం పూట పిల్లలు ఉపకార వేతనాల దరఖాస్తులకూ హాల్ టికెట్లకూ ఇక్కడికే వస్తారు.

మొన్న ఒక అమ్మాయి గడువు చివరి రోజున వచ్చింది. దరఖాస్తు సైటు తెరిస్తే “మీ బ్రౌజర్ పాతది, అప్‌డేట్ చేసుకోండి” అన్న ఒక్క వాక్యం తప్ప ఏమీ లేదు. అప్‌డేట్ నొక్కితే ఈ విండోస్‌కు ఇక అప్‌డేట్లు రావంటుంది. అమ్మాయి గోడ గడియారం వైపు చూస్తోంది. నాకు అనుమానం వచ్చింది. డెవలపర్ టూల్స్ తెరిచి, బ్రౌజర్ తన వెర్షన్ చెప్పుకునే చోట 109 తీసి 120 అని పెట్టాను. పేజీ మొత్తం తెరుచుకుంది. ఫొటో ఎక్కింది, సంతకం ఎక్కింది, రసీదు అచ్చయింది. అంటే ఆ సైటుకు కొత్త బ్రౌజర్‌తో పనే లేదు. ఎవరో ఒక అంకె ఎంచుకుని అక్కడ గేటు కట్టారు. దీన్ని సాంకేతిక అవసరం అనడానికి నాకు మనసొప్పడం లేదు.

నల్లతెర:
గేటు సంగతిలో మీ మాటే నాదీ. అది ఒట్టి బద్ధకం. కానీ క్రోమ్ 109నే వాడుతూ ఉండటం వేరే విషయం. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలను చదివే లైబ్రరీలో లోపం బయటపడింది. దురుద్దేశంతో తయారుచేసిన ఒక్క బొమ్మ పేజీలో ఉంటే చాలు, చొరబాటుకు దారి దొరికినట్టే. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఆగమేఘాల మీద సవరణలు విడుదల చేశాయి. ఆ అమ్మాయి తన ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు కొట్టింది సవరణలు అందని యంత్రం మీద. అది తలచుకుంటేనే నాకు భయం వేస్తోంది.

పైగా బ్రౌజర్ ఒక్కటే అనుకుని వదిలేసేది కాదు. మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14న విండోస్ 7ను వదిలేసింది. డబ్బు కట్టిన సంస్థలకు మాత్రం 2023 జనవరి దాకా సవరణలు ఇచ్చింది. ప్రోగ్రామింగ్ భాష రస్ట్‌లో 2024 మేలో వచ్చిన 1.78 వెర్షన్ కూడా కనీసం విండోస్ 10 కావాలంది. ఫైర్‌ఫాక్స్‌లో కొన్ని ముఖ్యమైన భాగాలు రస్ట్‌లో రాసినవే. పునాది రాళ్లు ఒక్కొక్కటే తీసేస్తుంటే పై అంతస్తు వాళ్లు ఎంతకాలం నిలబడతారు? ఇందులో రాజకీయం ఎక్కడుంది?

విడిదారి:
ఎందుకు లేదు? 2014లో బ్రెండన్ ఐక్, ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాకు సీఈఓ అయి రెండు వారాలు తిరగకముందే దిగిపోవలసి వచ్చింది. కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాల నిషేధానికి 2008లో ఆయన 1,000 డాలర్ల విరాళం ఇచ్చారన్నది అభ్యంతరం. 2022 మార్చిలో, ఎన్నో ప్రోగ్రాములు వాడుకునే నోడ్ ఐపీసీ అనే కోడ్ ప్యాకేజీ రచయిత ఉక్రెయిన్ యుద్ధానికి నిరసనగా రష్యా, బెలారస్ చిరునామాలున్న కంప్యూటర్లలో ఫైళ్లు చెరిపేసే కోడ్ పెట్టాడు. 2024 అక్టోబరులో రష్యాతో సంబంధం ఉన్న పలువురిని లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నెల్ నిర్వాహకుల జాబితా నుంచి తీసేశారు. రాసిన కోడ్ కంటే రాసిన మనిషి ఎటువైపు అన్నదే ముఖ్యమైపోయిన చోట, పల్లెటూరి పాత కంప్యూటర్ ఎవరికి పడుతుంది?

పల్లెపుస్తకం:
విడిదారి గారూ, నోడ్ ఐపీసీ ఉదంతం నన్నూ కలవరపెట్టింది. అప్‌డేట్ నొక్కడమంటే ముక్కూముఖం తెలియని వాడికి ఇంటి తాళాలు ఇవ్వడమే. కానీ ఐక్ వ్యవహారానికీ మా విండోస్ 7కీ ముడి పడదు. ఆయన వెళ్లిపోయిన మొజిల్లాయే ఫైర్‌ఫాక్స్ 115ను విండోస్ 7 కోసం అట్టిపెట్టి, ఆపుతామన్న గడువును పలుమార్లు పొడిగించింది. ఆయన స్థాపించిన బ్రేవ్ బ్రౌజరేమో, క్రోమ్ వెనకే నడిచి విండోస్ 7ను వదిలేసింది.

నల్లతెర గారూ, మీరన్న పునాది రాళ్లు మొజిల్లా కిందా కదిలాయి కదా? అయినా పాత యంత్రాల వాళ్లు ఇంకా మిగిలారని చూసి, భద్రతా సవరణలను పాత వెర్షన్‌లోకి తీసుకొచ్చి ఇస్తూ వచ్చారు. చేయలేకపోవడం వేరు, చేయకూడదనుకోవడం వేరు. నేను రాజకీయం అంటున్నది ఈ రెండోదాన్ని. విండోస్ 10నే చూడండి. 2025 అక్టోబర్ 14తో దాని కాలం తీరింది. ఇళ్లలో వాడేవాళ్లకు మరో ఏడాది సవరణలు ఇస్తామన్నారు మైక్రోసాఫ్ట్ వాళ్లు. సెట్టింగులు వాళ్ల క్లౌడ్‌లో దాచుకోవాలి, లేదా వాళ్ల రివార్డు పాయింట్లు ఖర్చు పెట్టుకోవాలి, లేదా 30 డాలర్లు కట్టాలి. ఐరోపాలో వినియోగదారుల సంఘాలు పట్టుబట్టాయి. అక్కడివాళ్లకు ఆ దాచుకునే షరతు తీసేసి ఉచితంగా ఇస్తున్నారు. లోపాలు అవే, సవరణలూ అవే. గట్టిగా అడిగినవాడికి ఒక ధర, అడగనివాడికి ఇంకో ధర.

నల్లతెర:
ఐరోపా విషయంలో మీ వాదన కాదనలేను. కానీ అడిగి సాధించేదాకా ఆ పిల్లల వివరాలు గాలికి వదలకండి. మీ ప్రాసెసర్లు ఏవి? కోర్ 2 డ్యుయో అయితే 64 బిట్‌దే, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ రకం డెబియన్, తేలికపాటి డెస్క్‌టాప్‌తో ఎక్కుతుంది. 32 బిట్‌ది అయితే కష్టం. డెబియన్ 13 వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది. ఫైర్‌ఫాక్స్ కూడా 145 నుంచి 32 బిట్ లినక్స్‌ను వదిలేసింది.

పల్లెపుస్తకం:
మూతలు విప్పి చూశాను. రెండు కోర్ 2 డ్యుయోలు, ఒకటి 32 బిట్ పెంటియం 4. మొదటి రెండింటిలో ఆదివారం డెబియన్ ఎక్కిస్తున్నాను. భారతీయ భాషల ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంటుంది కాబట్టి తెలుగుకు ఇబ్బంది లేదు. మూడోదానికి ఇంటర్నెట్ తీగ పీకేసి, పిల్లలు టైపింగ్ నేర్చుకోవడానికి ఉంచుతాను. ఆ 109 గేటు తీసేయమని సైటు వాళ్లకు ఉత్తరం రాశాను, ఇంకా జవాబు లేదు. మరో దరఖాస్తు గడువు ఈ నెలాఖరుకు ఉంది.