పని మధ్యలో బ్రౌజర్ ఆట: తలకు విశ్రాంతా, టైం దండగా?

బ్రాడీపేట నాలుగో లైను:
మాది గుంటూరులో జీఎస్టీ రిటర్నులు వేసే చిన్న ఆఫీసు. నెలలో రిటర్నుల గడువు 20వ తేదీ దగ్గరపడే కొద్దీ మా కుర్రాళ్ల స్క్రీన్ల మీద 2048 అనే అంకెల ఆట ఎక్కువ కనిపిస్తోంది. ఫోన్లు డ్రాయర్లో పెట్టించినా లాభం లేదు. ఇన్‌స్టాల్ అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, పైసా అడగదు, ట్యాబ్ తెరిస్తే ఆటే. నేననేది ఏంటంటే, చెత్త ఆటైతే యాడ్స్‌కి విసిగి వాళ్లే మూసేస్తారు. బాగా తయారుచేసిన ఉచిత ఆటతోనే అసలు ప్రమాదం. కాదంటారా?

పటమట అమ్మాయి:
కాదంటానండీ. టీ కొట్టు దగ్గర అరగంట కబుర్లు చెప్పొస్తే ఎవరూ అడగరు, సీట్లో కూర్చుని ఐదు నిమిషాలు ఆడితే నేరమా? ఇన్వాయిస్ నంబర్లు చూసీ చూసీ కళ్లు తిరిగేవాళ్లకి అదే కాస్త ఊరట.

కృష్ణలంక కోడర్:
అన్ని ఆటల్నీ ఒకే గాటన కట్టకండి. ఆట ఎక్కడ ఆగుతుందో చూడాలి. వర్డిల్ తీసుకోండి, జాష్ వార్డిల్ 2021లో జనంలోకి వదిలాడు. రోజుకి ఒక్క ఇంగ్లిష్ పదం కనుక్కోవాలి, ఆరు ప్రయత్నాలు, అంతే. డబ్బు కట్టకుండా ఇంకోటి ఆడదామన్నా రేపటిదాకా దొరకదు. 2022లో న్యూయార్క్ టైమ్స్ కొన్నాక కూడా ఉచితంగా ఆడేవాళ్లకి ఆ పద్ధతి మార్చలేదు. దీనివల్ల ఎవరి రిటర్నూ లేటవ్వదు.

కుకీ క్లిక్కర్ దీనికి పూర్తిగా రివర్స్. 2013 నాటిది, నొక్కుతూ బిస్కెట్లు పోగేసే ఆట. బిస్కెట్లు చేసే మిషన్ ఒకటి కొన్నప్పుడల్లా తర్వాతి దాని ధర 15 శాతం పెరుగుతుంది. ట్యాబ్ తెరిచి ఉంచితే చాలు, మనం ముట్టుకోకపోయినా బిస్కెట్లు పోగవుతూనే ఉంటాయి. పని చేస్తున్నా మనసు ఆ ట్యాబ్ మీదే. ముగింపే లేదు దానికి.

2048 ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. 2014లో గాబ్రియేలె చిరుల్లి అనే 19 ఏళ్ల ఇటలీ కుర్రాడు ఒక వారాంతంలో రాశాడు. ఒకే అంకె ఉన్న రెండు గళ్లు కలిపితే అది రెట్టింపవుతుంది, అలా 2048 దాకా చేరాలి. 512 వచ్చాక ఇంకో 512 కావాలి, అంటే ఇప్పటిదాకా పడ్డ కష్టమంతా మళ్లీ పడాలి. ఆడేవాడికి మాత్రం "ఇంకొక్కటేగా" అనిపిస్తుంది. దాని పట్టంతా అక్కడే ఉంది.

బ్రాడీపేట నాలుగో లైను:
నేను చెప్పిందే మీరూ చెప్తున్నారు. ఆ "ఇంకొక్కటి" పూర్తయ్యేసరికి లంచ్ టైం అవుతోంది.

అరండల్‌పేట మాస్టారు:
మరి చదరంగం ఆడుకునే సైటు లీచెస్‌ని ఏమంటారు? యాడ్స్ ఉండవు, విరాళాల మీద నడుస్తుంది. గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ పుట్టిన ఊళ్లో చదరంగాన్ని టైం దండగ అనడానికి నాకైతే నోరు రాదు. కాకపోతే నిమిషం ఆటలు వేరు. ఓడినవాడు కసితో వెంటనే ఇంకోటి మొదలెడతాడు. మా అబ్బాయిని పది నిమిషాలకు తక్కువ ఆట ఆడనివ్వను. ఓడితే ఎక్కడ తప్పు జరిగిందో చూసుకున్నాకే రెండోది.

పటమట అమ్మాయి:
బాగుంది మాస్టారూ. అయినా నాలుగో లైను గారూ, 20వ తేదీ పనంతా 18న నెత్తిన పడేస్తే ఎవరైనా ఏదో ఒకటి ఆడతారు. పార్టీల దగ్గర బిల్లులు ముందే తెప్పించండి.

బ్రాడీపేట నాలుగో లైను:
పార్టీలు ముందే ఇస్తే ఇంకేం కావాలమ్మా! సరే, సైట్లు బ్లాక్ చేయిస్తా.

కృష్ణలంక కోడర్:
2048 కోడ్ అందరికీ అందుబాటులో ఉందండీ. దాని కాపీలు లెక్కలేనన్ని. ఒకటి మూస్తే ఇంకోటి దొరుకుతుంది.

బ్రాడీపేట నాలుగో లైను:
అయితే నెట్టే పీకేస్తా.

కృష్ణలంక కోడర్:
రిటర్నులెలా వేస్తారు మరి? పైగా నెట్ లేకపోతే క్రోమ్‌లో డైనోసార్ ఆట వస్తుంది. దాన్ని ఆపే సెట్టింగ్ కూడా ఉందిలెండి, మీలాంటి వాళ్ల కోసమే గూగుల్ పెట్టింది.