బైపాస్ తర్వాత టిఫిన్ తిన్న రెండు గంటలకు షుగర్ పడిపోతోంది

బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి పేగుకు కలిపే ఆపరేషన్) చేయించుకుని ఏడాది దాటింది. బరువు బాగానే తగ్గింది. షుగర్ జబ్బు ఎప్పుడూ లేదు. ఈమధ్య మాత్రం పొద్దున టిఫిన్ తిన్న గంటన్నర, రెండు గంటలకు ఒళ్లంతా చెమటలు, చేతుల్లో వణుకు, కళ్లు తిరగడం. అప్పుడు గ్లూకోమీటర్‌తో చూస్తే 55–60 మధ్య ఉంటోంది. గ్లూకోజు నీళ్లు తాగితే పావుగంటలో తేరుకుంటాను. రెండు ఇడ్లీలు తిన్నా ఇదే వరస, రాగిజావకైతే మరీ ఎక్కువ. పెసరట్టు తిన్న రోజు కాస్త నయం, కానీ సగం తినేసరికే కడుపు నిండిపోతుంది.

డాక్టరుగారు దీన్ని లేట్ డంపింగ్ అన్నారు, అంటే తిన్నది త్వరగా పేగుల్లోకి జారి, షుగర్ ఒక్కసారిగా పెరిగి, గంటా రెండు గంటల తర్వాత పడిపోవడం. ఆయన చెప్పినట్టే తీపి పూర్తిగా మానేశాను, తిన్నాక అరగంట దాకా మంచినీళ్లు ముట్టడం లేదు, మెత్తగా నమిలి కొంచెం కొంచెంగా తింటున్నాను. అయినా తగ్గలేదు. డైటీషియన్ ఇచ్చిన చార్టు నిండా గుడ్లు, చికెన్. మేం అవి తినం. ఆఫీసుకు స్కూటీ మీద వెళ్తాను, దారిలో కళ్లు తిరుగుతాయేమోనని రోజూ టెన్షనే.

బైపాస్ అయ్యాక ఇలాగే షుగర్ పడిపోయిన శాకాహారులు ఎవరైనా ఉంటే చెప్పండి: పొద్దున ఏం తింటే, ఎంత తింటే మీకు మధ్యాహ్నం దాకా నిలకడగా ఉంటోంది?